ఐటీఎక్స్ బోర్డు మీద ఓవర్‌క్లాకింగ్: ఫేజులు లెక్కపెట్టడం ఆపండి

మినీ ఐటీఎక్స్ అంటే 170 మిల్లీమీటర్ల చదరంగా ఉండే చిన్న మదర్‌బోర్డు. 2001లో వయా కంపెనీ తెచ్చిన ఆ కొలత ఇప్పటికీ అలాగే ఉంది, దాని మీద కూర్చునే ప్రాసెసర్లు మాత్రం 230 వాట్లు, అంతకు మించి కూడా లాగేస్తున్నాయి. అందుకే బాక్సు మీద ‘10+2+1 ఫేజులు’ (ప్రాసెసర్‌కి కరెంటు పంచి అందించే దారులు) అని కనబడగానే చాలామంది పడిపోతారు. ఓవర్‌క్లాకింగ్‌కి, అంటే ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి తోయడానికి, నిజానికి చూడాల్సింది అది కాదు.

రైజెన్ 7950ఎక్స్‌నే తీసుకోండి. పవర్ లిమిట్ 230 వాట్లు. అందులో 200 వాట్లు 1.2 వోల్టుల దగ్గర కోర్లకు వెళ్తాయనుకుంటే కరెంటు దాదాపు 167 ఆంపియర్లు. ఎనిమిది ఫేజులకు పంచితే ఒక్కోదానికి 21. 60 ఆంపియర్లు మోయగల పవర్ స్టేజికి (ఫేజులో కరెంటు నడిపే చిప్పు) అదొక బరువా? చిక్కంతా వేడితోనే. వీఆర్ఎం (ఈ ఫేజులన్నీ కలిసిన పవర్ సర్క్యూట్) సామర్థ్యం 90 శాతం ఉన్నా 22 వాట్లు వేడిగా మారతాయి. పాతిక వాట్ల సోల్డరింగ్ ఐరన్‌ని ప్లగ్గులో పెట్టి సాకెట్ పక్కన పడుకోబెట్టినట్టే. కాబట్టి సాకెట్ పక్కన ఉన్నది అల్యూమినియం దిమ్మా, ప్లాస్టిక్ తొడుగా అన్నది ఫొటోల్లో పెద్దది చేసి చూడండి. రెండు దిమ్మలను కలుపుతూ హీట్‌పైపు ఉంటే మంచిదే. లోపల దాచిన బుల్లి ఫ్యాను ఉంటే మాత్రం రాత్రిపూట దోమ మోతకు సిద్ధపడాలి.

లిక్విడ్ కూలర్ పెట్టేవాళ్లు మరిచిపోయేది ఒకటుంది. పై నుంచి కిందికి ఊదే కూలర్ గాలి కొంత వీఆర్ఎంకీ తగులుతుంది. పంపు బిగిస్తే ఆ గాలి పోతుంది. ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టే సినీబెంచ్ అరగంట తిప్పి, సెన్సర్లు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో వీఆర్ఎం రీడింగు చూడండి. 100 డిగ్రీలు దాటుతుంటే ఓ కేస్ ఫ్యాను అటు తిప్పాలి. రివ్యూలు చాలావరకు 20–25 డిగ్రీల గదిలో చేసినవి. విజయవాడ మే నెలలో ఏసీ లేని గదికి ఆ అంకెల మీద ఇంకో 15 కలుపుకోండి.

చిప్‌సెట్ సంగతి రెండు ముక్కల్లో: ఇంటెల్‌లో కోర్ మల్టిప్లయర్ (ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించే గుణకం) కదపాలంటే జెడ్ సిరీస్ బోర్డు, పేరులో కె ఉన్న ప్రాసెసర్ రెండూ ఉండాలి, బి760లో ర్యామ్ వేగం వరకే. ఏఎండీ ఏఎం5 సాకెట్‌లో బి650, బి850 చాలు. ఏ620, బి840 వద్దు.

చిన్న బోర్డు పెద్ద బోర్డును ఓడించేది ర్యామ్ దగ్గర. చానెల్‌కి ఒక్కటే స్లాటు కాబట్టి సిగ్నల్ దారిలో ఖాళీ స్లాటు వేలాడదు, దూరమూ తక్కువ. ఏఎం5లో నాలుగు స్టిక్కులు నింపితే ఏఎండీ హామీ ఇచ్చే వేగం 3600కి పడిపోతుంది. ఇక్కడ ఆ గొడవే రాదు. తర్వాత పెంచుకునే వీల్లేదు కనుక ముందే 32 జీబీవి రెండు కొనేయండి. వేగం 6000, సీఎల్30 (ర్యామ్ స్పందించే ఆలస్యం), మెమరీ కంట్రోలర్ ర్యామ్‌తో సమానంగా 1:1లో నడిస్తే చాలు. ఎస్ఓసీ వోల్టేజి (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది) 1.3 వోల్టులు దాటనివ్వొద్దు. ఇరుకు కేసులో గ్రాఫిక్స్ కార్డు సెగ ర్యామ్‌కి తగులుతుంది. టీఆర్ఈఎఫ్ఐ (ర్యామ్ రిఫ్రెష్‌ల మధ్య వ్యవధి) బాగా పెంచితే 55 డిగ్రీలు దాటాక తప్పులు మొదలవుతాయి. అందుకే ర్యామ్ తప్పులు పట్టే టెస్ట్‌మెమ్5ని గేమ్ ఆడి కేసు వేడెక్కాక తిప్పండి, చల్లగా ఉన్నప్పుడు పాసైతే సరిపోదు.

వెనక ప్యానెల్ మీద క్లియర్ సీమాస్ (బయోస్ సెట్టింగులు చెరిపేసేది), బయోస్ ఫ్లాష్‌బ్యాక్ (బోర్డు లేవకపోయినా బయోస్ మళ్లీ ఎక్కించేది) బటన్లు లేని బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కి వద్దే వద్దు. చాలా ఐటీఎక్స్ బోర్డుల్లో సీమాస్ బ్యాటరీ చిన్న వైరుతో తొడుగు సందులో నిలబడి ఉంటుంది. ఒక్క టైమింగ్ తప్పు పెడితే, ఆ బ్యాటరీ తీసి సెట్టింగులు చెరపడానికి గ్రాఫిక్స్ కార్డు, ఒక్కోసారి కూలర్ కూడా ఊడదీయాల్సి వస్తుంది. ఒక్క మాట: ర్యామ్ సెట్టింగు మార్చాక తొలిసారి తెర నల్లగానే కొన్ని నిమిషాలు ఉండొచ్చు. అది ట్రైనింగ్, అంటే బోర్డు ర్యామ్‌తో సర్దుకోవడం, చచ్చిపోయిందనుకుని స్విచ్ ఆపేయకండి.

రైజర్ కేబుల్ (గ్రాఫిక్స్ కార్డును బోర్డుకు కలిపే పొడుగు తీగ) వాడే కేసైతే, కేబుల్ పీసీఐఈ జెన్4ది, బోర్డు స్లాటు జెన్5 అయినప్పుడు బయోస్‌లో ఆ స్లాటును చేత్తో జెన్4కి దించండి. ఆటోలో వదిలేస్తే తెర నల్లబడటం, గేమ్ మధ్యలో ఆగిపోవడం చూసి పాపం కర్వ్ ఆప్టిమైజర్ (ఏఎండీ ప్రాసెసర్ వోల్టేజి సర్దే సెట్టింగు) మీద నింద వేసి, వారం రోజులు వోల్టేజీలు కెలుకుతూ కూర్చుంటారు.