ఏడో చుట్టు దగ్గర

కీళ్ల జబ్బుకు వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్ర నాకు వారానికి ఒక్కరోజే. శనివారం రాత్రి వేసుకుంటే ఆదివారమంతా కడుపులో వికారం, ఒంట్లో నీరసం. అందుకే అత్తయ్య చిలుకూరు బాలాజీ గుడికి వెళ్దామన్నప్పుడు బుధవారం వెళ్దామన్నాను. వారాంతంలో అక్కడ జనం కూడా ఎక్కువే.

రుమటాయిడ్ ఆర్థరైటిస్‌తో ఇది ఆరో ఏడు. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి కీళ్ల పొరల మీద దాడి చేస్తుంది. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. దండం పెడితే అరచేతులు ఆనవు, మధ్యలో నిమ్మకాయ పట్టేంత ఖాళీ. మొదట్లో దానికే ఏడుపొచ్చేది. నయం చేయి స్వామీ అని అడగడం కూడా ఎప్పుడో మానేశాను. ఇవాళ గ్యాస్ లైటర్ నొక్కగలిగితే చాలు, అంతే.

మెహదీపట్నంలో బస్సెక్కాం. మెట్టు ఎత్తు. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని నేనెక్కేదాకా కండక్టర్ విజిల్ వేయలేదు. ఆధార్ చూపిస్తే ఇద్దరికీ జీరో టికెట్.

చిలుకూరు ఉన్నది ఉస్మాన్‌సాగర్ ఒడ్డున, మనం గండిపేట అనేది దాన్నే. 1908లో మూసీ హైదరాబాద్‌ను ముంచాక ఆ నదికి అడ్డంగా ఈ జలాశయం కట్టారు, 1920కి పూర్తయింది. నదిని పోగొట్టలేదు, ఆపి పట్టుకున్నారు. మా డాక్టరమ్మ మాటా అదే: "పోగొట్టలేమమ్మా, అదుపులో పెట్టుకుందాం."

గుడిలో హుండీ లేదు, వీఐపీ వరస లేదు. కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు, కోరిక తీరాక 108. నా చిక్కంతా ఇక్కడే. వీసా కోసం వచ్చే పిల్లలకు లెక్క సులువు, స్టాంపు పడితే తీరినట్టే. నా జబ్బుకు స్టాంపు ఎవరేస్తారు? నాలుగు నెలలు బాగుంటుంది, ఉన్నట్టుండి మోకాలు బూరెలా ఉబ్బుతుంది. నయమైతే నాచేత 108 చేయిస్తానని అత్తయ్య అప్పుడెప్పుడో మొక్కుకున్నారు. ఆ బాకీ ఎప్పుడు తీర్చాలో ఇద్దరికీ తెలీదు.

"పదకొండే చేద్దాం" అన్నారావిడ, అంకెలున్న కార్డు తీసుకుని.

చుట్టూ అందరూ గోవిందా అంటూ విసవిసా నడుస్తున్నారు. నాలుగో చుట్టు దాకా నేనూ నడిచాను. ఆరులో మడమ పోటు మొదలైంది. ఏడు కాగానే పక్కకొచ్చి కూలబడ్డాను. సిగ్గేసింది, అబద్ధమెందుకు.

అత్తయ్య పక్కన కూర్చుని స్థలపురాణం ఎత్తుకున్నారు. ఏటా తిరుపతి వెళ్లే భక్తుడొకాయన జబ్బుపడి ఓ ఏడు వెళ్లలేకపోతే, స్వామే కలలోకొచ్చి, పక్క అడవిలోనే ఉన్నానని చెప్పాడట.

"మరి ఆయన జబ్బు తగ్గిందా అత్తయ్యా?"

ఆవిడ ఆలోచించారు. "అది ఎవరూ చెప్పలేదే!"

చిన్నప్పటి నుంచి విన్న కథే. ఈ ప్రశ్న ఇన్నేళ్లూ నాకే తట్టలేదు.

"మిగతా నాలుగూ నేను తిరుగుతా. నువ్విక్కడే కూర్చుని టిక్కులు పెట్టు" అని ఆవిడ లేచారు. డెబ్బై దాటిన మనిషి, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి పట్టుకుని జనంలో కలిసిపోయారు.

పెన్ను నా వేళ్లలో నిలవడం లేదు. పిడికిట్లో పట్టుకుని ఎనిమిది మీద గీత గీశాను, అది తొమ్మిది మీదికి కూడా పోయింది.

చుట్టు తిరిగొస్తూ అత్తయ్య అరిచారు: "పెట్టావా?"

"పెట్టానత్తయ్యా. ఒకటి ఎక్కువే పడింది!"