మామ్మ పెట్టెలో ఇంటి పన్ను రసీదులు

మొన్న సంక్రాంతికి ఊరెళ్లి మామ్మ ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున నల్లదారంతో కట్టిన కాగితాల కట్ట దొరికింది, ఏటబ్బా అని విప్పితే అన్నీ ఇంటి పన్ను రసీదులే. పారేద్దామా అన్నానంతే, "ఒరే, అవి బోర్డువి, ముట్టుకోకు" అని కసిరీసింది. ఇల్లు మనదని చెప్పడానికి అవే సాక్ష్యమని ఆవిడ నమ్మకం. పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదని నేను చెప్పినా వింటుందా!

మాది రాజాం దగ్గర చిన్న పల్లె. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చిపడ్డాం, పంచాయతీ మాత్రం అదే. మామ్మ ఇప్పటికీ పంచాయతీ అనదు, బోర్డు అంటుంది, సర్పంచ్‌ని ప్రెసిడెంటు గారంటుంది. పాత అలవాటు అనుకునేవాణ్ణి గానీ తర్వాత తెలిసింది, మేం మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు 1950 నాటి చట్టంలో ఆ పదవి పేరే ప్రెసిడెంటు అంట. సర్పంచ్ అనే మాట 1964 చట్టంతో వచ్చింది. అరవై ఏళ్లయినా మా వైపు నోట్లో పాత పేరే ఆడుతుంది.

అయితే బోర్డు ఉన్నా అప్పట్లో పెత్తనమంతా మునసబు, కరణాలదే. శిస్తు వసూలు మునసబుది, భూమి లెక్కలు కరణానివి, కరణం గారి కలం ఎటు తిరిగితే భూమి చెక్క అటు పోయేదని మామ్మ చెప్తుంది. 1984లో ఎన్టీఆర్ ఆ వ్యవస్థ తీసేశాడు. రాజ్యాంగ 73వ సవరణ తర్వాత 1994లో కొత్త పంచాయతీరాజ్ చట్టం, అయిదేళ్లకోసారి ఎన్నిక, ఆడవాళ్లకి రిజర్వేషన్. పార్టీ గుర్తులుండవు, కానీ ఎవరు ఏ పార్టీయో ఊళ్లో పసిగుంటలకి కూడా తెలుసు.

పని మాత్రం పెద్దదే. కుళాయి, వీధిలైటు, కాలవ, చెత్త, అన్నీ పంచాయతీ నెత్తినే. డబ్బుల దగ్గరే తంటా, ఇంటి పన్ను ఊరికెంత వస్తుంది చెప్పండి, 2021 నుంచి 2026 మార్చి దాకా కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం నీళ్లకి, పారిశుధ్యానికే పెట్టాల్సొచ్చేది, మిగిలిందాంట్లో సర్పంచ్ ఏం చేసినా సగం ఊరు తిట్టేది.

నాకు కోపం మాత్రం సర్పంచ్ మీద కాదు, మా మీదే. గ్రామసభలో ఓటరైన ప్రతి ఒక్కరూ సభ్యులే, లెక్కలు అడగొచ్చు. మా ఊళ్లో టముకు వేస్తే పదిమంది కూడా రారు, తర్వాత తీర్మానాల పుస్తకమే ఇంటింటికీ సంతకాలకి తిరుగుతుంది. చదవకుండా నేనూ ఓసారి పెట్టీసాను, సిగ్గే మరి.

ఈసారి పన్ను నేనే మా గ్రామ సచివాలయంలో కట్టి కంప్యూటర్ రసీదు తెచ్చిచ్చాను. మామ్మ అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి సీలేదిరా?" అంది, అయినా కట్టలో పెట్టి దారం బిగించింది.