పాత ట్రాక్టర్ల మరమ్మతు పుస్తకాలు: అసలు ప్రతి అలమరాలో, నకలు షెడ్డులో

ఒకసారి ఇంజిను హెడ్డు బిగిస్తూ, బోల్టుల బిగింపు కొలతల కోసం మాన్యువల్ తెరిస్తే, సరిగ్గా నాకు కావలసిన అంకె మీదే గ్రీజు వేలిముద్ర ఇంకిపోయి ఉంది. అది 60 కావచ్చు, 80 కావచ్చు. ఊహించి బిగించే కొలత కాదు కనుక, మరొక ప్రతి దొరికేదాకా పని ఆపేశాను. ఆ తరువాత ఏ మాన్యువల్ అసలు ప్రతినీ షెడ్డులోకి తీసుకువెళ్ళలేదు.

పుస్తకాలను కంపెనీ పేరు ప్రకారం పేర్చితే చాలదని కూడా అనుభవం మీదే తెలిసింది. 1946 నుంచి 1956 వరకు తయారైన ఫెర్గూసన్ టీఈ20 ట్రాక్టర్‌నే తీసుకోండి. పెట్రోలుతో నడిచేది టీఈఏ20, కిరోసిన్‌ను పోలిన వేపరైజింగ్ ఆయిల్‌తో నడిచేది టీఈడీ20, డీజిల్‌ది టీఈఎఫ్20. బయటికి అన్నీ అదే బూడిద రంగులో ఒక్కలాగే కనిపిస్తాయి గాని, ఇంధన వ్యవస్థ దగ్గరకు వచ్చేసరికి ఒకదాని పేజీ మరొకదానికి పనికిరాదు. పైగా తొలినాటి బండ్లలో కాంటినెంటల్ కంపెనీ ఇంజినూ, తరువాతి వాటిలో స్టాండర్డ్ కంపెనీ ఇంజినూ ఉన్నాయి. అందువల్ల ప్రతి పుస్తకానికీ ఒక చీటీ మీద మోడల్ అక్షరాలు, వర్తించే సీరియల్ నంబర్లు, ఇంజిను రకం, ముద్రణ సంవత్సరం పెన్సిల్‌తో రాసి పెడతాను. నడిపేవారి పుస్తకం, వర్క్‌షాప్ మాన్యువల్, విడిభాగాల పుస్తకం మూడూ ఒకే పెట్టెలో ఉంటాయి. కంపెనీ తరువాత పంపిన సవరణ పత్రాలను పుస్తకం మధ్యలో దూర్చితే కుట్టు వదులవుతుంది కనుక, వాటిని అదే పెట్టెలో వేరే కవరులో ఉంచుతాను.

ఆనాటి మాన్యువల్స్‌లో చాలావరకు కలప గుజ్జు కాగితం మీద అచ్చయినవే. ఆ కాగితంలోని ఆమ్లం దాన్ని లోపలినుంచే పసుపుబారుస్తుంది, పెళుసు చేస్తుంది. వేడి, తేమ ఆ పనిని తొందరపెడతాయి. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజు భయం మొదలవుతుంది. అట్ట మెరుస్తూ ఉంటుందని చాలామంది వాడే పీవీసీ కవర్లు కాలక్రమంలో అచ్చును తమకు అంటించుకుంటాయి. పాలిప్రొపిలీన్ లేదా పాలిస్టర్ కవర్లే మేలు. చిరుగులకు సెల్లో టేపు అసలు వద్దు, లామినేషన్ అంతకన్నా వద్దు, ఎందుకంటే దాన్ని మళ్ళీ విప్పడం దాదాపు అసాధ్యం. తుప్పు పట్టిన పిన్నులను తీసి నూలు దారంతో కుట్టుకోవచ్చు.

పుస్తకం తడిస్తే మాత్రం ఆలోచిస్తూ కూర్చోకూడదు. రెండు రోజుల్లోనే బూజు పుట్టవచ్చు. నున్నటి కాగితమైతే ఆరేటప్పుడు పేజీలు అతుక్కుపోయి ఇక విడిరావు. వెంటనే ఆరబెట్టే వీలు లేకపోతే సంచిలో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టాలి. అక్కడ నష్టం ఆగి, తీరిగ్గా పని చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

స్కానింగ్‌లో అక్షరాల పేజీలకు అంగుళానికి 300 చుక్కలు సరిపోతాయి. భాగాలు విడదీసి చూపే బొమ్మలకు మాత్రం 600 పెట్టాలి, లేకపోతే చిన్న వాషర్ల పక్కన ఉన్న అంకెలు అలుక్కుపోతాయి. వైరింగ్ పటాలను రంగుల్లోనే తీయాలి. మడత పేజీలను ముక్కలుగా తీసేటప్పుడు అంచులు ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా చూసుకోవాలి. ఖాళీ పేజీలను, అట్ట లోపలి వైపును కూడా నేను వదలను. పూర్వం ఆ బండిని విప్పిన మెకానిక్ "ఇక్కడ రెండు షిమ్‌లు (సందు నింపే పలుచని రేకులు) వేశాను" అని పెన్సిల్‌తో రాసుకున్న మాట ఏ కంపెనీ అచ్చు వేసిన పేజీలోనూ దొరకదు. నా దృష్టిలో పుస్తకం మొత్తంలో అదే అమూల్యమైన వాక్యం.

షెడ్డుకు వెళ్ళేది ఆ స్కాన్‌నుంచి అచ్చు తీసిన పేజీలే. వాటికి గ్రీజు అంటితే పారేసి మళ్ళీ తీసుకుంటాను. పారేసే ముందు వాటి అంచున నేను రాసుకున్న కొలతలను, తేదీతో సహా, ఒక మంచి కాగితం మీదికి ఎత్తి రాసి, అసలు ప్రతి ఉన్న పెట్టెలో పెడతాను.