ఎడమకి రెండడుగులు

ఆరుగురం బయలుదేరాం. ఎవరికీ ఫొటోగ్రఫీ వృత్తి కాదు. ఒకాయన రిటైరైన లెక్కల మాస్టారు. ఒకమ్మాయి కెమెరా కొని నాలుగు నెలలే అయింది. మిగిలిన నలుగురం సెలవు దొరికితే బ్యాగు భుజాన వేసుకునే బాపతు. కొండల మధ్య ఒక సరస్సు, దాని ఒడ్డున బస, రెండు రాత్రులు. షరతు ఒక్కటే పెట్టుకున్నాం: రోజూ రాత్రి ఒక్కొక్కరూ మూడే మూడు ఫొటోలు చూపించాలి, మిగతావాళ్లు వాటి గురించి మాట్లాడాలి. 'సూపర్', 'కేక' అనకూడదు. ఆ రెండూ తీసేస్తే మాట్లాడడానికి ఏం మిగులుతుందోనని నాకు కాస్త టెన్షన్‌గానే ఉండింది.

చేరేసరికి పొద్దు వాలుతోంది. సామాను గదిలో పడేసి అందరం ఒడ్డుకి పరిగెత్తాం. వెలుతురు పోయేదాకా తీసి, వచ్చి నా లాప్‌టాప్ చుట్టూ కూర్చున్నాం.

మొదటి ఫొటో తెరమీద పడగానే "వైట్ బ్యాలెన్స్ పోయింది, అంతా పసుపు" అన్నాను. తెలుపుని తెలుపుగా చూపించే సెట్టింగ్ అన్నమాట. రెండోదానికీ అదే మాట. మూడో మనిషి ఫొటోలు కూడా పసుపు కొట్టేసరికి అనుమానం వచ్చి చూస్తే, రాత్రిళ్లు కళ్లు అలసిపోకుండా తెర రంగు మార్చే నైట్ లైట్ ఆన్‌లో ఉంది. పచ్చకామెర్ల సామెత అక్షరాలా మాకే జరిగింది. అది ఆపేశాం. గదిలో లైటు వేసి తెర బ్రైట్‌నెస్ కూడా తగ్గించాం. చీకట్లో నిండు బ్రైట్‌నెస్‌తో చూస్తే బాగా అండర్ అయిన, అంటే వెలుగు చాలక నల్లబడ్డ ఫొటో కూడా వెలిగిపోతూ కనిపిస్తుంది మరి.

తర్వాత ఆ అమ్మాయి వంతు. ఒడ్డున కట్టేసిన పడవ, వెనక కొండ, నీళ్లలో ఎర్రటి ఆకాశం. బాగుంది. కానీ ముందున్న చెట్టుకొమ్మ ఒకటి సరిగ్గా పడవ కొన మీదుగా పోయింది. "ఎడమకి రెండడుగులు జరిగి ఉంటే కొమ్మ తప్పిపోయేది కదమ్మా" అన్నాను. అంతటితో ఆగానా? హొరైజన్ వంకర, కుడివైపు ఖాళీ ఎక్కువ, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) అంత దేనికి అంటూ నాలుగు తగిలించాను. "అవునన్నా" అంది. మూడు ఫొటోలు చూపించాల్సింది, రెండోదానితోనే కార్డు తీసేసుకుంది. ఎవరూ ఏమీ అనలేదు.

తెల్లవారుజామున సరస్సు మీద మంచు కమ్ముకుని ఉంది. నా పక్కనే నిలబడి ఆ అమ్మాయి కెమెరా వెనక తెర చూసుకుంటూ, "నా లెన్స్‌లో ఏదో తేడా ఉందన్నా, మంచంతా మట్టిరంగులో వస్తోంది" అంది. లెన్స్‌లో ఏ తేడా లేదు. వెలుతురు కొలిచే కెమెరా మీటర్‌కి ఏది ఎదురైనా మధ్యరకం బూడిదరంగు అనుకునే అలవాటు, తెల్లటి మంచు నిండిన ఫ్రేమ్‌ని కూడా బూడిదకే దించేస్తుంది. "ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ ప్లస్ వన్‌లో పెట్టి చూడు" అన్నాను, మీటర్ చెప్పినదానికన్నా వెలుగు పెంచమని. పెట్టింది, తీసింది, చూసుకుంది, నవ్వింది. రాత్రి నాలుగు మాటలకి లేని విలువ ఈ ఒక్క మాటకి ఎందుకొచ్చిందో నాకు వెంటనే అర్థమైంది. మంచు ఇంకా ఎదురుగానే ఉంది, మళ్లీ తీసుకోవచ్చు. రాత్రి నేను చేసింది పోస్ట్‌మార్టం.

మంచు విడిపోయాక నడుచుకుంటూ నిన్నటి పడవ దగ్గరికి వెళ్లాను. అదే చెట్టు, అదే కొమ్మ. ఆమె నిలబడ్డ చోటు పట్టుకోవడం కష్టం కాలేదు, ట్రైపాడ్ కాళ్ల గుంటలు మూడూ అలాగే ఉన్నాయి. అక్కడ నిలబడి ఎడమకి ఒకడుగు వేశాను, గట్టిగానే ఉంది. రెండో అడుగు మోకాలిదాకా బురదలో దిగిపోయింది. పైకి పచ్చగా గడ్డి, కింద అంతా ఊబి. కెమెరా ఒక చేత్తో పైకెత్తి, ఇంకో చేత్తో ఆ కొమ్మనే పట్టుకుని వేలాడుతుంటే వెనక నుంచి షట్టర్ చప్పుడు వినిపించింది. ఆ అమ్మాయే. తర్వాత చెయ్యందించిందిలెండి.

ఆ మధ్యాహ్నం కొండెక్కుతుంటే ఎడిటింగ్ మోసమా కాదా అన్న పాత పంచాయితీ మొదలైంది. మాస్టారు అమెరికా ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ సంగతి ఎత్తారు. 1941లో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ అనే పల్లె దగ్గర చంద్రోదయాన్ని తీసినప్పుడు ఆయనకి లైట్ మీటర్ కనిపించలేదట. చంద్రుడి వెలుగెంతో ముందే తెలుసు కాబట్టి దాన్నిబట్టి లెక్కకట్టి ఒక్క ఎక్స్‌పోజర్ ఇచ్చాడు. రెండోది తీసేలోపు ఆ పల్లె సమాధుల శిలువల మీద ఎండ పోయింది. ఆ ఒక్క నెగెటివ్‌నే తర్వాత ఏళ్ల తరబడి డార్క్‌రూమ్‌లో వెలుగునీడలు మారుస్తూ ప్రింట్లు వేస్తూ వచ్చాడు. తొలి ప్రింట్లలో ఆకాశంలో మబ్బులు కనిపిస్తాయి, తర్వాతి వాటిలో దాదాపు కటిక నలుపు. "తన ఫొటోకి తనే అన్నేళ్లు విమర్శకుడు" అన్నారు మాస్టారు. ఎక్కుతూ ఎక్కుతూ చెప్పడం వల్ల ఆయాసంతో సగం మాటలే వినబడ్డాయి, మిగతావి దిగేటప్పుడు మళ్లీ చెప్పించుకున్నాను.

రెండో రాత్రి ఆయన మాట్లాడే తీరు జాగ్రత్తగా గమనించాను. ఏ ఫొటోకైనా మొదట తప్పొప్పులు ఎత్తరు. "నా కన్ను ముందు ఈ రాయి మీద పడింది. అక్కణ్ణుంచి కొండ మీదికి పోబోయి ఈ తెల్ల మచ్చ దగ్గర ఆగిపోయింది" అంటారు, అంతే. ఆ తెల్ల మచ్చ ఉంచాలో తీసెయ్యాలో ఫొటో తీసినవాడే తేల్చుకోవాలి. ఒకతను సరస్సులో ప్రతిబింబం చూపిస్తే, "ఏదో అతికించినట్టుంది, ఎందుకో తెలియడం లేదు" అని ఊరుకున్నారు. ఎందుకో నాకు తెలిసింది. అతను ఎడిటింగ్‌లో, పైభాగాన్ని మాత్రమే ముదురు చేసే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ వేసి ఆకాశాన్ని బాగా నల్లబరిచాడు, నీళ్లలో ఆకాశం అసలు ఆకాశం కన్నా వెలుగ్గా ఉంది. నీళ్లు తమ మీద పడ్డ వెలుగులో కొంత మింగేస్తాయి కాబట్టి ప్రతిబింబం కాస్త ముదురుగానే ఉండాలి. ఆ మాట చెబితే అతను అక్కడే ఫిల్టర్ తగ్గించి చూసుకున్నాడు.

ఎగిరే కొంగ ఫొటో దగ్గర "షేక్ అయింది" అని ముగ్గురం ఒకేసారి అన్నాం. మాస్టారు జూమ్ చేయమన్నారు. కొంగ కిందున్న రాళ్లు కత్తిలా ఉన్నాయి. చెయ్యి వణికితే రాళ్లు కూడా చెదరాలి కదా! కదిలింది కొంగ మాత్రమే, షట్టర్ తెరుచుకున్నది సెకనులో 1/250 వంతు. పిట్ట రెక్కలు ఆగాలంటే 1/2000 దగ్గరికి పోవాలి. మేమన్న మాట విని ఉంటే అతను వచ్చేసారి బరువైన ట్రైపాడ్ మోసుకొచ్చేవాడు, కొంగ మళ్లీ చెదిరిపోయేది.

చివర్లో ఆ అమ్మాయి వచ్చింది. ఈసారి మూడూ తెచ్చింది. మొదటిది పొద్దుటి మంచు, రెండోది కొండమీది దారి. మూడోది తెరమీదికి రాగానే గది గొల్లుమంది. కొమ్మ పట్టుకుని నేను, ఒక కాలు లేదు, కెమెరా ఆకాశంలో. ఫోకస్ నా మీద లేదు, వెనక రెల్లు మీద పడింది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇందులో ఏం చూపించాలనుకున్నావమ్మా?" అని అడిగాను.

"మీరు ఎడమకి జరగడం అన్నా."