నల్లగొండ పద్ధతి: పటిక, సున్నం, ఒక బకెట్

పప్పు తొందరగా ఉడుకుతుంది, సబ్బు ఇట్టే నురగొస్తుంది, నోట్లో పోసుకుంటే ఉప్పదనం తగలదు. ఏ ఊళ్లోనైనా అలాంటి బోరును మంచినీళ్ల బోరు అంటారు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు మాత్రం ఆ మంచితనాన్నే ముందు అనుమానించాలి. పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ అలాంటి నీళ్లలోనే ఎక్కువగా ఉండొచ్చు. ఫ్లోరైడ్‌కు రంగు లేదు. మన నీళ్లలో ఉండే మోతాదుకు రుచీ, వాసనా తెలియవు.

రహస్యమంతా రాయిలో ఉంది. దక్షిణ తెలంగాణ నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు, నైస్ అనే చారల రాయి. అందులో నల్లగా మెరిసే అభ్రకంలో, అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాల్లో ఫ్లోరిన్ దాగి ఉంటుంది. వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు బొగ్గుపులుసు వాయువును కలుపుకుని, రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచి, వాటిని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. ఎంత కరగాలో తేల్చేది చాలావరకు కాల్షియం. ఫ్లోరైట్ అంటే కాల్షియం, ఫ్లోరైడ్ కలిసిన ఖనిజమే కాబట్టి, నీళ్లలో అప్పటికే కాల్షియం ఉంటే అది ఇక కరగనని మొండికేస్తుంది. లెక్క వేస్తే లీటరుకు 40 మి.గ్రా. కాల్షియం ఉన్న నీటిలో ఫ్లోరైడ్ సుమారు 3 మి.గ్రా. దగ్గర ఆగిపోతుంది. కాల్షియం 4 మి.గ్రా.కు పడిపోతే ఫ్లోరైడ్ 10 దాకా ఎక్కగలదు. వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉన్న ఈ నేలల్లో కాల్షియం సున్నపు కంకరగా గడ్డకట్టి మట్టిలోనే ఉండిపోతుంది, నీళ్లు మెత్తబడతాయి. మెత్తని నీళ్లలోనే పప్పు ఉడుకుతుంది, సబ్బు నురుగుతుంది. అలాగని ఉప్పు నీళ్లన్నీ సురక్షితమని కాదు. ఉప్పు, ఫ్లోరైడ్ రెండూ కలిసి ఉన్న బోర్లూ ఉన్నాయి.

తాగునీటికి మన దేశపు ప్రమాణం లీటరుకు 1 మి.గ్రా. వేరే దారి లేనిచోట 1.5 వరకు ఒప్పుకుంటారు. అది దాటితే ముందు తెలిసేది పిల్లల పళ్లలో. పంటి పైపొర తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ల లోపే కాబట్టి గారపళ్లు ఆ వయసులో తాగిన నీటి గుర్తు. పెద్దయ్యాక వచ్చి స్థిరపడినవాళ్ల పళ్లు తెల్లగానే ఉంటాయి, ఎముకలు మాత్రం గట్టిపడి కీళ్లు వంగకుండా పోవచ్చు. పళ్లు చూసి తమకేమీ కాలేదనుకోవడం పెద్ద పొరపాటు. మన దేశంలో మనుషులకు వచ్చిన ఈ జబ్బు (ఫ్లోరోసిస్) గురించి వైద్య పత్రిక కెక్కిన తొలి వివరమైన నివేదిక 1937 నాటిది, అదీ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి. కానీ ప్రపంచానికి గుర్తుండిపోయిన పేరు నల్లగొండ.

ఆ పేరును మోసుకెళ్లింది ఒక బకెట్. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) 1970లలో రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరు. టాంజానియా, ఇథియోపియాలలో కూడా ఇదే పేరుతో వాడి చూశారు. విచిత్రమేమంటే, ఊరంతటికీ సరిపోయే తొలి ప్లాంటు నల్లగొండలో కాదు, 1980లో అనంతపురం జిల్లా కదిరిలో మొదలైంది.

ఇంట్లో చేసే తీరు ఇది. 40 లీటర్లు పట్టే ప్లాస్టిక్ బకెట్ కావాలి, దాని అడుగు నుంచి ఐదు సెంటీమీటర్ల ఎత్తున కుళాయి ఉండాలి. నీళ్లలో ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తర్వాత పటికను ద్రావణంగా పోయాలి. ఫ్లోరైడ్ 2 మి.గ్రా., క్షారత (పులుపును అణిచే గుణం) 300 మి.గ్రా. ఉన్న నీటికి లీటరుకు సుమారు 270 మి.గ్రా. పటిక పడుతుంది, అంటే బకెట్‌కు 11 గ్రాములు. సున్నం అందులో ఇరవయ్యో వంతు, అర గ్రాము చాలు. పటిక పడగానే గబగబా కలిపి, తర్వాత పది నిమిషాలు మెల్లగా తిప్పాలి. చూస్తుండగానే నీరు పాలవిరుగులా తునకలు కడుతుంది. అవి అల్యూమినియం హైడ్రాక్సైడ్ రేకులు, ఫ్లోరైడ్ వాటినే పట్టుకుని అడుక్కి దిగుతుంది. గంటసేపు కదపకుండా వదిలి, పైన తేరిన తేటను కుళాయి ద్వారా తీసుకోవాలి.

తప్పులు జరిగేదీ ఇక్కడే. చెరువు నీటి బురద దిగడానికి పటిక గడ్డను నాలుగు తిప్పులు తిప్పే అలవాటుతో చేస్తే ఆ మోతాదు దీనికి ఏ మూలకూ రాదు. చివర్లో గట్టిగా తిప్పితే రేకులు చితికి, దిగకుండా తేలుతూనే ఉంటాయి. క్షారత తక్కువున్న నీళ్లలో సున్నం తగ్గితే నీరు పులుపుకు తిరుగుతుంది, పటికలోని అల్యూమినియం నీళ్లలోనే మిగులుతుంది. తేటను వెంటనే వేరే బిందెలోకి మార్చకుండా రాత్రంతా మడ్డి మీదే ఉంచితే, పట్టుకున్న ఫ్లోరైడ్ మెల్లగా మళ్లీ నీళ్లలోకి వస్తుంది. ఆ మడ్డిని బావి దగ్గరా, పెరట్లో కూరగాయల పాదుల్లోనూ పారబోయకూడదు. ఫ్లోరైడ్ పెరిగేకొద్దీ పటికా పెరగాలి, పటికతోపాటు సల్ఫేటు పెరిగి రుచి చెడుతుంది. ఇంత పని రోజూ, ప్రతి బకెట్‌కూ, కొలత తప్పకుండా చేయాలి. రసాయనం నిలబడింది కానీ ఆ రోజువారీ చాకిరీ దగ్గరే ఈ పద్ధతి ఇళ్లలో నిలబడలేకపోయిందని నా అభిప్రాయం.

కాచితే పోతుందని చాలామంది నమ్ముతారు. పోదు. ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే మిగిలి చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా, కుండలో పోసినా, క్యాండిల్ ఫిల్టర్ పెట్టినా తేడా ఉండదు. ఆర్.ఓ. యంత్రం తొలగిస్తుంది, కానీ బోరు నీళ్లలో చాలా భాగాన్ని మోరీలోకి వదిలేస్తుంది.

అసలు మందు నది నీరే. వాన నీరు రాతిలో ఏళ్లకేళ్లు నానకుండా పైపైనే పారి వస్తుంది కాబట్టి కృష్ణలో ఫ్లోరైడ్ తక్కువ. నాగార్జునసాగర్‌కు 1955లోనే ఈ జిల్లాలోనే శంకుస్థాపన జరిగింది. ఆ నీరు ఫ్లోరైడ్ పల్లెల కుళాయిల దాకా రావడానికి దశాబ్దాలు పట్టింది. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ కట్టి మొదలుపెట్టిన మిషన్ భగీరథ వచ్చాక ఇంటింటికీ ఆ దారి పడింది. కుళాయి రాని రోజున ఏ నీళ్లు తాగుతున్నారన్నదే ఇప్పుడు చూసుకోవాల్సింది. పొలం పనికి వెళ్లినప్పుడు వ్యవసాయ బోరు దగ్గర నింపుకునే సీసా కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

పరీక్ష కష్టమేమీ కాదు. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ఎర్రటి ద్రావణాన్ని కొలిచిన నీళ్లలో వేస్తే, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే ఎరుపు అంత తగ్గి పసుపుకు తిరుగుతుంది. కిట్‌తో వచ్చే రంగుల అట్టతో పోల్చుకోవాలి. ఒకసారి చేసి వదిలేయకండి. వాన నీరు కలిసిన కార్తీకంలో ఒకసారి, బోరు అడుగంటే వైశాఖంలో ఒకసారి అదే బోరు నీళ్లు పట్టి చూడండి, రెండు అంకెలూ ఒకటిగా ఉండకపోవచ్చు.