మూడు మందుల లెక్క

2023 చివర్లో నాకు ఊపిరితిత్తుల క్షయ అని తేలింది. మాది సిరిసిల్ల నుంచి తాతల కాలంలో మహారాష్ట్రలోని భివండీకి వలస వచ్చిన పద్మశాలి కుటుంబం. నేను సాంచా (మరమగ్గం) నడపను, పద్మనగర్‌లో ఒక కార్ఖానాలో లెక్కలు రాస్తాను. అయినా రోజంతా ఆ దూది దుమ్ములోనే కూర్చుంటాను కనుక, వారాల తరబడి తగ్గని నా దగ్గును అందరూ దుమ్ము దగ్గే అన్నారు. సాయంత్రాలు కాసే సన్నజ్వరం, రాత్రి చెమటలు, వదులవుతున్న బట్టలు గమనించి మా ఆవిడే పట్టుబట్టి సర్కారీ దవాఖానాకు తీసుకువెళ్ళింది. తెమడ పరీక్షలో క్షయ బయటపడింది. అదృష్టవశాత్తు అది క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమేనని అదే పరీక్షలో తెలిసింది.

మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు వాడాలి, ఆ తర్వాత నాలుగు నెలలు వాటిలో పిరజినమైడ్ అనే మందు తీసేసి మిగిలిన మూడు కలిసిన మాత్రలు. నా బరువుకు రోజుకు నాలుగు మాత్రలు రాశారు, పరగడుపున ఒకేసారి మింగాలి. మూత్రం నారింజ రంగులో రావడం, ఉదయంపూట వికారం, కీళ్ళ నొప్పులు అన్నీ చూశాను. ఆకలి మాత్రం నెల తిరగకుండానే తిరిగి వచ్చింది. రెండో దశలోకి వచ్చేసరికి దగ్గు పోయి పనిలో చేరాను కూడా. సరిగ్గా అప్పుడే మందు కరవు మొదలైంది.

అంతకుముందు నెలకు సరిపడా ఇచ్చేవారు. 2024 మార్చి నాటికి అది వారానికి, ఆ తర్వాత రెండు మూడు రోజులకు దిగింది, చివరికి ‘రేపు రండి’ అన్నారు. క్షయ మందులను కేంద్ర ప్రభుత్వమే కొని రాష్ట్రాలకు పంపుతుంది గనుక, పైన సరఫరా ఆగితే కింద ఏ ఆరోగ్య కేంద్రంలోని సిబ్బందిని నిలదీసినా ప్రయోజనం ఉండదు. మందులకు కొరత లేదని, ఆరు నెలలకు పైబడి నిల్వలున్నాయని 2023 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ ప్రకటించింది. 2024 మార్చి 18న అదే శాఖ, మూడు నెలలకు సరిపడా మందులు స్థానికంగా కొనుక్కోమని రాష్ట్రాలకు లేఖ రాసింది. నిల్వల పుస్తకం రాయడం నా వృత్తి కాబట్టి ఆ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టి చదవడం నాకు కష్టంగానే ఉండింది.

అప్పుడు మా వాడలో జరిగినదే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఒకరు నాలుగు మాత్రలకు బదులు రెండే వేసుకుంటూ ఉన్న మాత్రల పట్టీని ఎక్కువ రోజులకు సాగదీసుకున్నారు, మరొకరు దుకాణంలో మూడింటిలో దొరికిన ఒక్క మందునే కొని వాడారు. ఇవి రెండూ మందు మానేయడం కన్నా మంచివని అనిపిస్తాయి గానీ, క్షయ విషయంలో అలా కాదు. చాలీచాలని మోతాదు, లేదా ఒంటరి మందు, క్రిముల్లో బలహీనమైనవాటిని మాత్రమే చంపి మొండివాటిని మిగిలిస్తుంది. ఆ మొండి రకానికి వేసే మందులు వేరు, వాటి బాధలు వేరు.

నా దగ్గర ఇంకా కొన్ని రోజుల మాత్రలు ఉండగానే డాక్టరుగారి వద్దకు వెళ్ళాను. ఆయన చీటీ మీద లెక్క వేసి చూపించారు. సర్కారు మాత్ర ఒక్కోదానిలో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు ఉంటాయి, అంటే నాలుగింటికి 300, 600, 1100. బయటి దుకాణాల్లో మొదటి రెండూ 300, 600 చొప్పున కలిసినది ఒకటి దొరుకుతుంది, ఇథాంబుటాల్ విడిగా వస్తుంది. ‘450 రిఫాంపిసిన్ ఉన్నది అంటగడతారు, తీసుకోవద్దు’ అని అడుగున గీత గీసి మరీ రాశారు. పేరు ఒకటే అయినా లోపలి బరువు వేరైతే అది నా మందు కాదని నాకు అర్థమైంది. ఇవి హెచ్1 షెడ్యూలు మందులు, చీటీ లేనిదే అమ్మకూడదు, అమ్మినది రిజిస్టరులో రాయాలి. అందుకే వివరంగా రాసిన చీటీ, చికిత్స కార్డు నకలు జేబులో పెట్టుకునే దుకాణాలు తిరిగాను. సర్కారు ఉచితంగా ఇచ్చే మందు కావడంతో చాలా దుకాణాలు అసలు తెప్పించనే తెప్పించవు. ఠాణేలో ఒక పెద్ద దుకాణంవారు రెండు రోజులు గడువు అడిగి తెప్పించి ఇచ్చారు.

ఈలోగా సిరిసిల్ల నుంచి అక్క ఫోన్ చేసింది. ‘తమ్మీ, ఈడ గోలీలు ఇస్తున్నరట, తెలిసినోళ్ళని అడిగి బస్సుల పంపియ్యాల్నా?’ అంది. వద్దన్నాను, ఎందుకంటే అవి మరొకరి పేర ఇచ్చిన గోలీలవుతాయి, వారి కోర్సుకే గండి పడుతుంది. అయితే ఆమె మాటతో ఒక దారి తట్టింది. సర్కారు క్షయ రోగుల కోసం నడిపే నిక్షయ్ సహాయ నంబరు 1800-11-6666కు ఫోన్ చేస్తే, రోగి నమోదును వేరే జిల్లాకు, వేరే రాష్ట్రానికి కూడా బదిలీ చేయవచ్చని చెప్పారు. స్వస్థలంలో మనుషులున్న వలస కుటుంబాలకు ఇది నిజంగా పనికివచ్చే సంగతి. నాకు ఆ అవసరం రాలేదు. కొన్న మందులతో నడుస్తుండగానే మా ఆరోగ్య కేంద్రంలో మళ్ళీ మాత్రల పట్టీలు వచ్చాయి.

వేసవి మధ్యలో చికిత్స ముగిసింది. చివరి తెమడ పరీక్షలో క్రిమి లేదు, ఎక్స్‌రేలో మచ్చ మిగిలింది. రెండేళ్ళపాటు ఆరు నెలలకోసారి చూపించుకోవాలన్నారు, ఆ తేదీలు తప్పకుండా వెళుతున్నాను.

ఉచిత మందు ఇవ్వలేని అసాధారణ పరిస్థితుల్లో రోగి ఖర్చును తిరిగి చెల్లించవచ్చని ఆ మార్చి లేఖలోనే ఉంది. ఈ మాట మా వాడలో చాలామందికి తెలియదు. నేను రశీదులన్నీ దాచి, చీటీ నకలుతో కలిపి, అందినట్టు సంతకం చేయించుకుని ఇచ్చాను. ఆ డబ్బు ఇంకా రాలేదు. వెళ్ళినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను.