వీపున బంతి కట్టుకుని పడుకున్నాను

మా ఆవిడ ఫోన్‌లో తీసిన వీడియో చూసేదాకా నాది మామూలు గురకే అనుకున్నాను, నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు (స్లీప్ ఆప్నియా) అనుకోలేదు. మసక వెలుతురులో వెల్లకిలా పడుకుని ఉన్నాను. గురక పెద్దదవుతూ పోయి ఠక్కున ఆగింది. పొట్ట ఎగసిపడుతోంది, గాలి చప్పుడు మాత్రం లేదు. లెక్కపెడితే 26 సెకన్లు. ఆపైన ఒక్క ఉదుటున గాలి పీల్చి, పక్కకు తిరిగి, ఏమీ ఎరగనట్టు నిద్రపోయాను. "రోజూ ఇంతేనండీ. మీరు మళ్లీ ఊపిరి తీసుకునేదాకా నా ఊపిరి ఆగిపోతుంది" అంది.

పొద్దున్నే తలనొప్పి, నోరు పిడచకట్టుకుపోవడం, మధ్యాహ్నం మీటింగులో తూగు. వీటన్నిటినీ వయసు మీదా టెన్షన్ మీదా తోసేస్తూ వచ్చాను. ఒకరోజు సిగ్నల్ దగ్గర కారులోనే కునుకు పడితే వెనక హారన్లతో మెలకువ వచ్చింది. అప్పుడు భయపడ్డాను.

భయపడ్డవాడిని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లాలి కదా, వెళ్లలేదు. ముక్కు మీద అంటించుకునే పట్టీలు, గడ్డాన్ని పైకి కట్టే బెల్టు ఆన్‌లైన్‌లో కొన్నాను. ఆ డబ్బంతా దండగ. నోటికి టేపు వేసుకోమని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నాకేమో ముక్కు దిబ్బడ. ఆ పని చేయనందుకు ఇప్పటికీ సంతోషమే.

చివరికి డాక్టరుని సూటిగా అడిగాను: ఆసుపత్రిలో రాత్రంతా ఉంచి చేసే పరీక్ష నా వల్ల కాదు, తక్కువలో మార్గం ఉందా అని. గుండె, ఊపిరితిత్తుల జబ్బులేవీ లేవు కాబట్టి ఇంట్లో చేసుకునే పరీక్ష చాలన్నారు. వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, అంతే. గంటకు 22 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని తేలింది. 5 నుంచి 15 వరకు స్వల్పం, 30 దాకా మధ్యస్థం, అది దాటితే తీవ్రం. రిపోర్టు రెండో పేజీలో ఒక వరుస కింద డాక్టరు పెన్నుతో గీత గీశారు. వెల్లకిలా ఉన్నప్పుడు 36, పక్కకు తిరిగినప్పుడు 8. వీడియోలో నేను పక్కకు తిరిగింది అప్పుడు గుర్తొచ్చింది.

నిద్రలో వెల్లకిలా తిరగకుండా, పాత బనియన్ వీపు మీద, భుజాల ఎముకల మధ్య, జేబు కుట్టి టెన్నిస్ బంతి పెట్టాం. మొదటి రాత్రి బంతి నడుం దగ్గరికి జారిపోయింది. జేబు బిగించి కుట్టి రెండు బంతులు పెట్టాక, వెల్లకిలా తిరగబోతే చాలు, ఒళ్లే మళ్లీ పక్కకు తిరిగేది. వారం పాటు భుజం నొప్పి పెట్టింది. ఛాతీకి దిండు ఆనించుకున్నాక సర్దుకుంది.

మొదటి రెండు నెలలూ సీప్యాప్ మిషన్ (మాస్కు గుండా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసేది) కూడా వాడాను, అద్దెకు తెచ్చుకుని. కొనకముందు అద్దెకు తీసుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అసలు తంటా అంతా మాస్కుతోనే. ముఖమంతా కప్పే మాస్కు అంచుల నుంచి గాలి నా కళ్లలోకి కొట్టేది. ముక్కుకు మాత్రమే పెట్టుకునేదానికి మార్చాక సరిపడింది. మాస్కును రోజూ సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టేవాణ్ణి, అద్దె తప్ప వేరే ఖర్చు లేదు. వాడిన మిషన్ చవగ్గా కొందామనుకున్నాను గానీ, ఎన్ని గంటలు తిరిగిందో, లోపలి భాగాలు ఎలా ఉన్నాయో చూసేవాళ్లు లేక మానేశాను.

రాత్రి మద్యం తాగడం పూర్తిగా మానేశాను. అది గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుందట. రోజూ నడిచి ఏడు కిలోలు తగ్గాను. ఇదే అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా కష్టం.

ఆరో నెలలో, మిషన్ లేకుండా, బనియన్ వేసుకుని మళ్లీ పరీక్ష చేయించుకుంటే 7 వచ్చింది. మొదటి పరీక్షలో మొత్తం లెక్క 30 దాటి ఉంటే బంతితో సరిపెట్టనిచ్చేవాణ్ణి కాదని డాక్టరు గట్టిగానే చెప్పారు. మిషన్ తిరిగి తెచ్చుకోవాలో లేదో వచ్చే ఏడాది పరీక్షను బట్టి చూద్దామన్నారు. బనియన్ జేబు మాత్రం మూడోసారి చిరిగింది, ఈసారి మందపాటి గుడ్డతో కుట్టాలి.